కుఫ్రి కొండమీద మట్టిలేని మడి

మన దేశంలో బంగాళాదుంపకు ఒక ఇంటిపేరు ఉన్నది. కుఫ్రి జ్యోతి, కుఫ్రి చంద్రముఖి, కుఫ్రి సిందూరి, కుఫ్రి పుఖ్‌రాజ్. కూరగాయల బజారులో గోనె విప్పగానే దొర్లిపడే దుంపలలో ఎన్నో ఈ వంశానివే. తెలుగువారి ఆచారం ప్రకారమే ఇక్కడ కూడ ఇంటిపేరు ముందు, పెట్టినపేరు తరువాత. మన ఇంటిపేర్లలో అనేకం ఊళ్ళ పేర్లయినట్లే, కుఫ్రి కూడ ఒక ఊరి పేరే. సిమ్లాకు ఎగువన పదిహేను కిలోమీటర్ల దూరంలో, దేవదారు చెట్ల నడుమ ఉన్న చిన్న కొండ ఊరు అది. ఈనాడు అక్కడికి వెళ్ళేవారిలో అధికులు మంచు చూడడానికీ, గుర్రాల మీద ఊరేగడానికీ వెళతారు. నేను వెళ్ళింది దుంపల కోసం.

ఒక వ్యవసాయ గ్రంథాన్ని తెనిగించే పనిలో ఉన్నప్పుడు, మట్టి లేకుండ తుంపరతో కూరగాయలు పెంచే పద్ధతుల ప్రసక్తి వచ్చింది. ఇంగ్లీషులో వాటికి మూడు నాలుగు పేర్లున్నవి. ఆ పేర్ల మధ్య తేడా ఏమిటో నిఘంటువు చెప్పలేదు. మాటకు అర్థం తెలియనప్పుడు వస్తువును చూడడమే మంచిదని 2019లో బయలుదేరాను.

కాల్కా నుంచి సిమ్లాకు పోయే చిన్న రైలు 1903లో మొదలయింది. రెండున్నర అడుగుల వెడల్పు పట్టాల మీద, 96 కిలోమీటర్ల దూరాన్ని, వందకు పైగా సొరంగాలలో దూరి వస్తూ ఐదారు గంటలలో ఎక్కుతుంది. 2008లో యునెస్కో దీనిని ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించింది. వానాకాలంలో ఈ ప్రయాణం మేఘాల లోపలి ప్రయాణం. కాల్కాలో కురిసేది జల్లు. కిటికీ మూయకపోతే బట్టలు తడుస్తవి. కొంత ఎత్తుకు పోయేసరికి అది తుంపర అవుతుంది; ముఖం తడుస్తుంది గాని చొక్కా తడవదు. ఇంకా పైన అది పొగమంచు. పెట్టెలోకి వచ్చి కూర్చుంటుంది, తడి చేసినట్లే ఉండదు, కాని కళ్ళద్దాలు తుడుచుకొంటే వేలికి చెమ్మ తగులుతుంది. జల్లు, తుంపర, పొగమంచు. నేను వెతుక్కొంటూ వెళ్ళిన మూడు మాటలూ ఆ రైలు కిటికీలోనే దొరికినవి. మట్టిలేని సేద్యంలోని మూడు పద్ధతులకూ తేడా సరిగా ఇంతే. నీటిబొట్టు ఎంత పెద్దదన్నదే.

ఆ ఊరి మట్టి కథ

కేంద్ర బంగాళాదుంప పరిశోధన సంస్థ 1949లో పాట్నాలో ఏర్పడి, 1956లో సిమ్లాకు తరలివచ్చింది. కొండెక్కడానికి బలమైన కారణాలే ఉన్నవి. మైదానాలలో చలికాలపు పొట్టి పగళ్ళలో బంగాళాదుంప మొక్క సరిగా పూయదు. వేసవిలో పగళ్ళు పొడవుగాను, గాలి చల్లగాను ఉండే కుఫ్రి వంటి చోట పుష్కలంగా పూచి, కాయ కట్టి, గింజ ఇస్తుంది. రెండు రకాలను సంకరం చేసి మూడవదాన్ని పుట్టించాలంటే పువ్వు ఉండితీరాలి. 1958 నుంచి కుఫ్రి పేరుతో రకాలు వెలువడసాగినవి.

రెండవ కారణం ఆరోగ్యం. బంగాళాదుంపకు రైతు వాడే విత్తనం గింజ కాదు, దుంప. తల్లి దుంపలో వైరస్ ఉంటే పిల్ల దుంపలన్నిటికీ సంక్రమిస్తుంది. ఈ వైరస్‌లను మొక్కనుంచి మొక్కకు మోసుకొనిపోయేది పేనుబంక. చలిగాలి వీచే కొండలపై పేనుబంక తక్కువ. అందుచేత కొండ దుంప శుభ్రమైన విత్తనమని దేశమంతటా పేరు వచ్చింది. తరువాత పుష్కర్‌నాథ్ అనే శాస్త్రజ్ఞుడు, పేనుబంక రాని రోజులు చూసుకొని మైదానాలలో కూడ విత్తనపు దుంప పండించే పద్ధతిని రూపొందించారు. అయినా మూల విత్తనానికి కొండ కొండే అన్న గౌరవం తగ్గలేదు.

ఆ గౌరవానికి దెబ్బ గాలినుంచి రాలేదు, మట్టినుంచి వచ్చింది. బంగాళాదుంప వేళ్ళను పట్టే ఒక నులిపురుగు ఉన్నది. ఆడపురుగు చనిపోతూ తన దేహాన్నే ఒక తిత్తిగా మార్చి, వందలాది గుడ్లను అందులో దాచిపెట్టిపోతుంది. ఆ తిత్తి ఆవగింజకంటె చిన్నది. పాతిక సంవత్సరాలైనా మట్టిలో చెడకుండ ఉండగలదు. బంగాళాదుంప వేళ్ళ వాసన తగిలినప్పుడు గుడ్లు చిట్లి పురుగులు బయలుదేరుతవి. మన దేశంలో దీనిని మొదట కనుగొన్నది 1961లో, నీలగిరులలోని ఉదకమండలం వద్ద. కాలక్రమాన హిమాలయ సానువులలో, కుఫ్రి పరిసరాల నేలలోనూ అది బయటపడింది. 2018లో కేంద్ర వ్యవసాయ మంత్రిత్వశాఖ తమిళనాడుతో పాటు హిమాచల్ ప్రదేశ్, ఉత్తరాఖండ్, జమ్మూ కశ్మీర్‌ల నుంచి విత్తనపు దుంపలు ఇతర ప్రాంతాలకు పోరాదని ఆంక్ష విధించింది.

ఇందులోని విషాదాన్ని పాఠకులు గ్రహించే ఉంటారు. దేశంలోని దుంపలకు ఇంటిపేరిచ్చిన ఊరు. ఆ ఊరి మట్టి అంటిన దుంప విత్తనంగా కొండ దిగరాదన్నారు! ఆంక్ష వచ్చిన మరుసటి సంవత్సరం, ఫాగు పోయే దారిలో ఒక టీ కొట్టు దగ్గర కూర్చున్న వృద్ధ రైతు నాతో అన్న మాట ఇప్పటికీ చెవిలో ఉన్నది. “మా నాన్నగారి రోజుల్లో విత్తనం అంటే మాదే బాబూజీ. లారీలు వచ్చి వరుస కట్టేవి. ఇప్పుడు అదే చేను, అదే చెయ్యి. తినడానికి పనికివస్తుందట, నాటడానికి పనికిరాదట.” ఆయన స్వరంలో కోపం లేదు. ఇంట్లో మనిషికి జబ్బు చేసిందని వైద్యుడు చెప్పగా విన్నవాని స్వరం అది.

దుంపలను సోడియం హైపోక్లోరైట్ ద్రావణంలో ముంచి తిత్తులను నశింపజేసే ఉపాయాన్ని శాస్త్రజ్ఞులు తరువాత కనుగొన్నారు. కాని మట్టినే తాకని దుంపకు ఏ స్నానమూ అక్కరలేదు కదా! అటువంటి దుంపను పండించే ప్రయత్నం సిమ్లాలో ఆ ఆంక్షకు కొన్ని సంవత్సరాల ముందునుంచే సాగుతున్నది.

చీకటి పెట్టెలో

మట్టిలేని మడి చూడడానికి ఏమంత అద్భుతంగా ఉండదు. దోమతెర కట్టిన గాజుటింట్లో నడుమెత్తు బల్లల వలె పొడవాటి పెట్టెలు. మూతలకు వరుసగా రంధ్రాలు, ఒక్కొక్క రంధ్రంలో ఒక్కొక్క మొక్క. పైనుంచి చూస్తే మామూలు నారుమడే. పక్కనున్న తలుపు తీసినప్పుడుగాని అసలు విషయం తెలియదు. లోపల చీకటి. ఆ చీకటిలో తెల్లని వేళ్ళు, ముసలివాని గడ్డం వలె, గాలిలో వేలాడుతూ ఉంటవి. వాటి నడుమ అక్కడక్కడ గోళీలంత దుంపలు, కడిగిన ముత్యాల వలె. ఇంతలో పంపు మోగుతుంది. నాజిళ్ళు బుస్సుమంటవి. అర నిమిషం పాటు పెట్టెలో మబ్బు కమ్ముతుంది. మళ్ళీ కొన్ని నిమిషాల నిశ్శబ్దం. పగలూ రాత్రీ ఇదే వరస.

మొక్కను ముందుగా పరీక్షనాళికలో, టిష్యూ కల్చర్ పద్ధతిలో, వైరస్ లేకుండ పెంచుతారు. కొన్నాళ్ళు బయటి గాలికి అలవాటు చేసి పెట్టె మూతలో నిలుపుతారు. నత్రజని, భాస్వరం, పొటాష్, సున్నం, ఇనుము మొదలైన పోషకాలన్నీ కొలత ప్రకారం కలిపిన నీటినే తుంపరగా కొడతారు. దుంప మూడు గ్రాములు దాటిన తరువాత తలుపు తీసి, పండు కోసినట్లు కోసుకొంటారు. తక్కిన దుంపలు పెరుగుతూనే ఉంటవి. మట్టిలో ఇది సాధ్యం కాదు. అక్కడ ఒక్క దుంపకోసం తవ్వితే మొక్కే పోతుంది. నెట్‌హౌస్ మడిలో నాటిన మొక్కకు ఎనిమిది పది చిన్న దుంపలు వస్తే, ఈ పెట్టెలో 35 నుంచి 60 దాకా వస్తవని సంస్థవారి లెక్క. మూల విత్తనం రైతు చేతికి చేరే కాలం కూడ ఆ మేరకు తగ్గుతుంది.

వేళ్ళు గాలిలో ఇంత సుఖంగా ఎందుకుంటవి? వేరుకు కావలసినది నీరొక్కటే కాదు, ప్రాణవాయువు కూడ. మామూలు వేడిమిలో లీటరు నీటిలో కరిగి ఉండే ప్రాణవాయువు ఎనిమిది మిల్లీగ్రాములకు మించదు. లీటరు గాలిలో దానికి ముప్ఫై రెట్లకు పైగా ఉంటుంది. నీట మునిగిన వేరు ఊపిరాడక కుళ్ళుతుంది. గాలిలో వేలాడే వేరుకు ఆ బాధ లేదు. కాని గాలిలో వేరు ఎండిపోవాలి గదా? ఎండకుండ, మునగకుండ నడిమిమార్గాన నడిపించేది తుంపర.

మూడు బొట్ల తారతమ్యం

ఇక మూడు పద్ధతులను పోల్చి చూద్దాం. కొలతకు మైక్రాను అనే ప్రమాణం వాడతారు; మిల్లీమీటరులో వెయ్యోవంతు. మన తలవెంట్రుక మందం సుమారు డెబ్భై మైక్రానులు.

మొదటిది జల్లు. మామూలు నీటిపంపు, మామూలు స్ప్రింక్లర్ నాజిళ్ళు. బొట్టు వందల మైక్రానులలో ఉంటుంది. వేరుపై పడి, పలచని ధారగా జారిపోతుంది. వేరు ఒకచోట మరీ తడిసి, మరొకచోట పొడిగా ఉండడం కద్దు. కాని ఖర్చు తక్కువ, నాజిల్ పూడుకుపోవడం తక్కువ, పాడైతే ఊళ్ళోని మోటారు మెకానిక్కే బాగుచేయగలడు. పాలకూర, తోటకూర, లెట్యూస్ వంటి నెలా నెలన్నర పంటలకు ఇది చాలును. మేడమీద నిలువు గొట్టాలలో ఆకుకూరలు పెంచేవారిలో చాలామంది వాడేది ఈ జాతి పద్ధతినే.

రెండవది తుంపర. చదరపు అంగుళానికి ఎనభై నుంచి వంద పౌన్ల ఒత్తిడితో నీటిని సన్నని నాజిల్ గుండా తోస్తారు. బొట్టు యాభై మైక్రానుల ప్రాంతంలో, వెంట్రుక మందంకంటె కొంచెం తక్కువగా ఉంటుంది. ఈ బొట్టు గాలిలో తేలిపోయేంత తేలిక కాదు, వేరుమీదినుంచి జారిపోయేంత బరువూ కాదు, తగిలి నిలుస్తుంది. ఇటువంటి పెట్టెలో వేళ్ళకు నూగువంటి సన్నని కేశాలు దట్టంగా పుడతవి. ఆహారం పీల్చేవి ఆ కేశాలే. దుంపలకు, ఎక్కువకాలం నిలిచే కూరగాయలకు ఇది మేలైనది. కాని ఖర్చు హెచ్చు. ఒత్తిడి పంపు, వడపోతలు, నిమిషాలు లెక్కపెట్టే గడియారం, అన్నీ కావాలి. పోషక లవణాలు పేరుకొని నాజిళ్ళు పూడుకుపోతూ ఉంటవి. రోజూ తనిఖీ చేసే మనిషి ఉండాలి.

మూడవది పొగమంచు. ఇందులో నాజిల్ లేదు. నీటి అడుగున ఒక చిన్న బిళ్ళ సెకండుకు సుమారు 17 లక్షల సార్లు కంపిస్తుంది. ఆ అదురుకు నీటి ఉపరితలంనుంచి పొగ లేస్తుంది. బొట్టు ఐదు మైక్రానులు, అంతకు తక్కువ. చూడడానికి ముచ్చటగా ఉంటుంది. పెట్టె మూలమూలకూ వ్యాపిస్తుంది. అయితే ఒక చిన్న లెక్క వేయండి. బొట్టు అడ్డుకొలత పదోవంతుకు తగ్గితే అందులోని నీరు వెయ్యోవంతుకు తగ్గుతుంది. ఒక్క తుంపర బొట్టు వేరుకు ఇచ్చే నీరు ఇవ్వాలంటే వెయ్యి పొగమంచు బొట్లు వచ్చి తగలాలి. అవి తిన్నగా తగలను కూడ తగలవు. గాలితోపాటే వేరును చుట్టుకొని పోతవి. పైగా ఆ బిళ్ళ పనిచేస్తున్నకొద్దీ నీరు వేడెక్కుతుంది, బిళ్ళపై లవణం పేరుతుంది. కొమ్మ ముక్కకు కొత్త వేరు పుట్టించడానికి, లేత నారు పెంచడానికి పొగమంచు శ్రేష్ఠం. ఎండవేళ చెంబుల కొద్ది నీరు తాగే టమాటా చెట్టుకు అది దాహం తీర్చదు.

కాబట్టి సన్నని బొట్టే గొప్పదన్న అభిప్రాయం సరికాదు. ఆకుకూరకు జల్లు, దుంపకు తుంపర, నారుకు పొగమంచు. ఎవరి ఆకలికి తగిన ముద్ద వారికి.

గాదె ఉన్న ఇల్లు, గాదె లేని ఇల్లు

ఈ ఆలోచన కొత్తది కాదు. 1911లోనే రష్యా శాస్త్రజ్ఞుడు ఆర్త్సిఖోవ్‌స్కీ గాలిలో వేళ్ళను ఉంచి మొక్కలు పెంచడాన్ని గురించి రాశారు. 1937లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు గెరికె మట్టిలేని నీటిసేద్యానికి హైడ్రోపోనిక్స్ అన్న పేరును ప్రచారంలోకి తెచ్చారు. మన దేశంలో 1940ల చివర కాలింపాంగ్ కొండలపై షోల్టో డగ్లస్ అనే ఆయన, ఖరీదైన యంత్రాలు లేకుండ, ఇసుకా కంకరా నింపిన తొట్లలో కూరగాయలు పెంచి, బెంగాల్ పద్ధతి అని దానికి పేరుపెట్టారు. 1957లో వెంట్ అనే శాస్త్రజ్ఞుడు గాలిసేద్యానికి ఏరోపోనిక్స్ అన్న మాటను సృష్టించారు.

వంద సంవత్సరాలు దాటినా ఈ పద్ధతి పొలాన్ని జయించలేదు. ఎందుకు? నేల ఒక గాదె. వాన పడ్డనాడు నీటిని దాచుకొంటుంది, ఎరువు వేసిననాడు సారాన్ని దాచుకొంటుంది, రైతు రెండురోజులు పెళ్ళికి వెళ్ళివచ్చినా మొక్కకు లోటు రానివ్వదు. తుంపర పెట్టెకు గాదె లేదు. అది రెక్కాడితేగాని డొక్కాడని ఇల్లు. పంపు ఆగితే గంటలలోనే వేరు వడలుతుంది. అందుచేత ఇటువంటి గాజుటిళ్ళలో కరెంటు పోయినప్పుడు దీపాలకంటె ముందు పంపు సంగతి చూస్తారు. జనరేటరు లేనిచోట తుంపర సేద్యం తలపెట్టరాదు. మరొక ప్రమాదం. పెట్టెనుంచి కారిన నీరు తొట్టిలో చేరి మళ్ళీ పంపుకే వస్తుంది. ఒక వేరుకు కుళ్ళు పడితే ఆ నీరే దానిని అన్ని వేళ్ళకూ పంచుతుంది. మట్టి లేనంతమాత్రాన రోగం లేదనుకోరాదు.

ఖర్చు మాట సరేసరి. అమెరికాలో నూవర్క్ నగరం కేంద్రంగా తుంపర పద్ధతిలో, విద్యుద్దీపాల వెలుతురులో ఆకుకూరలు పండించి ప్రపంచప్రసిద్ధి పొందిన ఏరోఫార్మ్స్ సంస్థ 2023లో దివాలా చట్టపు రక్షణ కోరవలసివచ్చింది. సూర్యుడు ఉచితంగా ఇచ్చేదాన్ని కరెంటు బిల్లు కట్టి కొనుక్కొంటే, ఆకుకూర ధర ఆ భారాన్ని మోయలేదు.

మరి సిమ్లా పెట్టెల్లోని దుంపలు ఎట్లా మోస్తున్నవి? వాటిని ఎవరూ కూరకు కొనరు గనుక. అవి తరాలకు మూలపురుషులు. ఒక్క చిన్న దుంప పొలంలోకి పోయి, తరంతరంగా పెరిగి, కొన్ని సంవత్సరాలకు బస్తాలు బస్తాలవుతుంది. మన దేశం ఏటా ఐదుకోట్ల టన్నులకు పైగా బంగాళాదుంప పండిస్తుంది. ప్రపంచంలో చైనా తరువాత స్థానం మనదే. ఆ పంటనంతా పెట్టెల్లో పండించాలనుకోవడం వెర్రి. ఆ పంటకు శుభ్రమైన మొదటి దుంపను పెట్టెలో పుట్టించడం వివేకం. హర్యానాలో కర్నాల్ దగ్గరి శామ్‌గఢ్‌లో వెలసిన బంగాళాదుంప సాంకేతిక కేంద్రం వంటివి ఈ వివేకాన్నే మైదానాలకు దించినవి.

దీనితో తెలుగు రైతుకు సంబంధం లేకపోలేదు. జహీరాబాదు ఎర్రనేలల్లో ఆలుగడ్డ వేసేవారికి, చిత్తూరు జిల్లా పడమటి సీమలో ఉర్లగడ్డ వేసేవారికి విత్తనమే పెద్ద ఖర్చు. ఎకరానికి పది పన్నెండు క్వింటాళ్ళ దుంప భూమిలో పెట్టాలి. ఆ దుంప దూరప్రాంతాలనుంచి లారీలలో రావాలి. వచ్చిన బస్తాలో ఏ వైరస్ ఉన్నదో రైతు కంటికి కనపడదు. ఆకు ముడుచుకొన్న నాడు తెలిసినా చేయగలిగింది లేదు. ఎక్కడో కొండమీద చీకటి పెట్టెలో అర నిమిషం పాటు కమ్మిన తుంపర, జహీరాబాదు రైతు అప్పుకు, ఆదాయానికి నడుమ నిలుస్తున్నదన్నమాట.

తెనిగింపు పని చేసేవాడిని గనుక చివరకు మాటల దగ్గరికే వస్తాను. ఏరోపోనిక్స్ అన్న పేరులో పొలం లేదు. గ్రీకు భాషలో పోనోస్ అంటే శ్రమ. గాలితో శ్రమ అని దాని అర్థం. వ్యవసాయానికి ఇంగ్లీషువారు వాడే మాటలో మాత్రం లాటిన్ పొలం ఉన్నది. మన వ్యవసాయం అన్న మాటలో పొలం లేదు, నాగలి లేదు, మట్టి లేదు. సంస్కృతంలో ఆ మాటకు పట్టుదలతో కూడిన ప్రయత్నమని అర్థం. అందువల్ల తుంపర పెట్టె దగ్గర నిలిచి నాజిళ్ళు తుడిచే మనిషిని వ్యవసాయదారుడు అనడానికి తెలుగులో ఏ సంకోచమూ అక్కరలేదు.

కాని పెట్టెనుంచి కోసిన దుంప చివరకు చేరవలసింది మట్టిలోకే. మట్టికి జబ్బు చేసినప్పుడు బిడ్డను కొన్నాళ్ళు దూరంగా పెంచి, బలం వచ్చిన తరువాత మళ్ళీ తల్లి ఒడిలో పెట్టడమే ఈ శాస్త్రమంతా. ఊరు విడిచి ఎక్కడెక్కడో స్థిరపడిన తెలుగువారు ఊరి పేరును ఇంటిపేరుగా మోసుకొనిపోయినట్లు, ఆ దుంప కుఫ్రి పేరును మోసుకొని కొండ దిగుతుంది. ఊరి మట్టి దానికి అంటి ఉండదు. పేరు మాత్రం ముందే ఉంటుంది.